పెద్ద టైర్లు, వెనక బ్లాక్ వేస్తే వ్యాన్ ఎంత లేస్తది? రైల్వే అండర్‌పాస్ కింద దూరుతదా?

బత్తాయి తోట (నల్లగొండ):
అన్నలందరికి నమస్తే. మాది నల్లగొండ దగ్గర పల్లె, బత్తాయి లోడు బాటసింగారం మార్కెట్‌కు తోలడానికి సెకండ్ హ్యాండ్ల క్లోజ్డ్ బాడీ వ్యాన్ తీసుకున్న. ముందట కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు (వంపు తిరిగిన ఇనుప పట్టీల కట్ట), టైర్లు 215/75 ఆర్15, మొత్తం అరిగినయి, ఎట్లయిన మార్చాల్సిందే. తోట కాడి బాటంతా గుండ్లే, లోడు ఎక్కినంక వెనక్కి కూసుంటది, సైలెన్సర్ రాళ్లకు తాకుతది. మెకానిక్ ఏమంటడంటే 235/75 టైర్లు వేసుకో, వెనక ఇరుసుకు పట్టీలకు నడుమ రెండించుల బ్లాక్ పెడదాం, పైసలుంటే 16 రిమ్ములు కూడా పెట్టుకో ఇంకా లేస్తది అంటడు. కాని ఊర్లకెళ్లి మెయిన్ రోడ్డు ఎక్కాలంటే రైల్వే అండర్‌పాస్ దాటాలె, దాని ముందట ఇనుప హైట్ గేజ్ (ఎత్తు బండ్లను ఆపే అడ్డ కమ్మి) ఉంది, బోర్డు మీద 2.5 మీటర్లు అని రాసుంది. మొన్న లోడుతోని ఉన్నప్పుడు టేపు పట్టి కొలిస్తే వెనక పైకప్పు దాక 2.38 వచ్చింది. అంటే 12 సెంటీమీటర్లు ఖాళీ ఉన్నట్టే కదా, ఇవన్ని వేసినా దూరుతదా? లెక్క తెలిసినోళ్లు జర చెప్పండి, టైర్లు కొన్నంక దుకాణపాయన వాపస్ తీసుకోడు.

గ్యారేజ్ పని (మిర్యాలగూడ):
తమ్మీ, ముందుగాల టైరు లెక్క చూద్దాం, అది సులువు. 215/75 ఆర్15 అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో నూటికి 75 వంతు, అంటే 161. పైన ఒక గోడ కింద ఒక గోడ, నడుమ 15 ఇంచుల రిమ్ము అంటే 381. అంతా కలిపితే టైరు మొత్తం ఎత్తు 703 చిల్లర. అదే 235/75 ఆర్15కు కడితే 733 చిల్లర వస్తది. తేడా 30 మిల్లీమీటర్లు. కాని బండి 30 లేవదు, సగమే లేస్తది, ఎందుకంటే బండి కూసునేది ఇరుసు మీద, ఇరుసు ఉండేది టైరు నడిమిట్ల. పెరిగిన దాంట్ల సగం ఇరుసు కిందికి పోతది, సగం పైకి పోతది, పైది ఫెండర్ లోపల జాగా తింటది గాని పైకప్పును లేపదు. అంటే నీకు వచ్చేది ఒకటిన్నర సెంటీమీటరు. ఇగ నీ పాత టైర్లు అరిగినయి అంటున్నవు, కొత్త టైరు గీత లోతు దగ్గర దగ్గర 8 మిల్లీమీటర్లు ఉంటది, అరిగి 2కు వచ్చిందంటే ఆ 6 మిల్లీమీటర్లు సగం కాదు పూరాగ ఎత్తుల కలుస్తది. అదే సైజు కొత్తవి వేసినా బండి కొంచెం లేస్తదన్నమాట.

16 రిమ్ము సంగతి వేరే. రిమ్ము పెద్దదైతే బండి ఎత్తయితది అనేది ఉత్త ముచ్చట, టైరు బయటి ఎత్తు ఎంతనో అదే లెక్క. 215/70 ఆర్16 వేసినవనుకో, కట్టి చూడు, 707 వస్తది, అంటే నీ 15 రిమ్ము టైరు కంటే 4 మిల్లీమీటర్లు ఎక్కువ, బండి లేచేది 2. దానికి నాలుగు రిమ్ములు నాలుగు టైర్ల పైసలు పెట్టుడెందుకు. పైంగ కార్ల టైరు తెచ్చి వేస్తే లోడు మోయదు. సైజు పక్కన ఉండే అంకె చూడాలె, 100 అని ఉంటే ఒక్కొక్క టైరు 800 కిలోల దాక మోస్తదని, ఇప్పుడున్న టైరు మీద ఎంతుందో దాని కంటే తక్కువది అస్సలు తీసుకోకు.

పాలమూరు డ్రైవర్:
అన్న లెక్క కరెక్టు. నేను వేరే సంగతి అడుగుత, లోడుతోని కొలిచిన అన్నవు కదా, మార్కెట్ల దించినంక వాపస్ వచ్చేటప్పుడు ఇదే అండర్‌పాస్ కిందికెళ్లే వస్తవు కదా? అప్పుడు ఖాళీ బండి. పట్టీల మీద బరువు లేదు, టైర్లు కూడా అంత నొక్కుకోవు, వెనక పైకి లేచి ఉంటది. పోయేటప్పుడు అల్కగ దూరిన బండి వచ్చేటప్పుడు తాకుడు అట్లనే జరుగుతది. లోడు దించి, టైర్ల గాలి పూరాగ కొట్టించి, సమానంగ ఉన్న సిమెంటు జాగల నిలబెట్టి కొలువు. ముందట ఒక దగ్గర, వెనక కొసకు ఒక దగ్గర, పైన క్యారియర్ గాని లైటు గాని ఉంటే దాని మీదికెళ్లి. ఆ అంకె పట్టుకొని మాట్లాడుకుందాం.

బత్తాయి తోట (నల్లగొండ):
అన్నా ఇప్పుడే రైస్ మిల్లు కాడ సిమెంటు మీద పెట్టి కొలిచిన. ఖాళీగ ముందట 2.36, వెనక కొసకు 2.45. క్యారియర్ లేదు. లోడుకు ఖాళీకి 7 సెంటీమీటర్ల తేడా ఉంది. అంటే 12 కాదు, 5 సెంటీమీటర్లే ఖాళీ.

గ్యారేజ్ పని (మిర్యాలగూడ):
అయితే బ్లాక్ ముచ్చట బంద్ పెట్టు తమ్మీ. ఎందుకో చెప్త. టైరు పెంచితే సగమే లేస్తది అన్న కదా, బ్లాక్ అట్ల కాదు, రెండించులు పెడితే ఇరుసు కాడ రెండించులు పూరాగ లేస్తది, 5 సెంటీమీటర్లు. అది ఇరుసు మీద. నీ బాడీ ఇరుసు కాడ అయిపోదు, ఎనకకు ఇంకా ఉంది. ముందు చక్రానికి వెనక చక్రానికి నడుమ 3 మీటర్లు, వెనక చక్రానికెళ్లి తోక దాక 1.2 మీటర్లు అనుకో, ముందట కదలకుండ వెనక మాత్రమే లేపితే బండి ముందుకు వాలుతది, తోక కాడ 5 కాదు 7 లేస్తది. దానికి టైరు ఒకటిన్నర, కొత్త గీత అర సెంటీమీటరు పైన, అన్ని కలిపితే 9 దాక. 2.45కు 9 కలిపితే 2.54. గేజ్ 2.5. లోడుతోని పోతవు, ఖాళీగ ఇంటికి రావు.

షాకాబ్జర్లు మారిస్తే లేస్తదని కూడ ఎవలో ఒకలు చెప్తరు, నమ్మకు. మామూలు షాకప్ పని ఊగుడు ఆపుడే, ఎత్తును పట్టుకునేది పట్టీలు, కాయిళ్లు.

నీకు కావాల్సింది ఏంది, లోడు మీద కూసోవద్దు అంతే కదా. దానికి హెల్పర్ పట్టీ ఉంటది, పట్టీల కట్ట కింద పొట్టిగ మందంగ ఉండేది, ఖాళీగ ఉన్నప్పుడు అది పని చెయ్యదు, లోడు పడి పై పట్టీలు కిందికి వంగినప్పుడు మాత్రమే బరువు అందుకుంటది. అంటే ఖాళీ ఎత్తు అట్లనే ఉంటది, లోడు ఎత్తు మాత్రమే పెరుగుతది. నీ కేసుకు సరిగ్గ పట్టేది ఇదొక్కటే. ముందు నీ బండికి కంపెనీ హెల్పర్ ఉందా, ఉంటే ఇరిగిందా, చదునై పోయిందా చూపించు. మరిచిపోవద్దు, పట్టీ వేసినంత మాత్రాన ఆర్సీల రాసిన బరువు కంటే ఎక్కువ వెయ్యొద్దు, పట్టీ మోసినా ఇరుసు, బ్రేకు, టైరు మోయవు.

ఆఫీసు కాయితాలు (మహబూబ్‌నగర్):
భయ్యా ఒక మాట, లెక్క కుదిరినా కాయితం కుదరాలె. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏం చెప్తదంటే కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగ చెప్పింది, అదే సంవత్సరం చట్టం మార్చినంక ఓనర్‌కు ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాక జైలు కూడా ఉంది. బ్లాక్ పెట్టి లేపుడు లాంటివి ఫిట్‌నెస్ కాడ గాని, యాక్సిడెంట్ అయినంక ఇన్సూరెన్స్ కాడ గాని పంచాయితీ అయితయి. కంపెనీ రాసిచ్చిన సైజులనే టైర్లు వేసుకుంటే ఏ లొల్లి ఉండదు, సైజు డోరు కాడ స్టిక్కర్ మీద ఉంటది.

235 వేస్తే ఇంకో నష్టం, మీటరు తప్పు చూపిస్తది. చక్రం పెద్దదయినప్పుడు ఒక్క తిరుగుడుకు ఎక్కువ దూరం పోతది, మీటరుకు అది తెల్వదు, 60 చూపిస్తుంటే నువ్వు 62 దాటి పోతుంటవు. ఎత్తయిన క్లోజ్డ్ బాడీ, ఖాళీ బండి, నార్కట్‌పల్లి దాటినంక హైవే మీద పక్క గాలి కొడితే ఊగుడు కూడ పెరుగుతది.

పాలమూరు డ్రైవర్:
ఇంకోటి, బోర్డు మీది 2.5ను గుడ్డిగ నమ్మకు. రోడ్డు మీద మళ్ల ఒక పొర డాంబర్ గాని సీసీ గాని వేస్తే ఆ బోర్డు అట్లనే ఉంటది, ఖాళీ మాత్రం తగ్గుతది. వానకాలం అండర్‌పాస్‌ల నీళ్లు నిలిచి ఒండు పేరుకుంటది, అది కూడా తగ్గించేదే. ఇంకా అండర్‌పాస్ అంటే దిగి ఎక్కేది కదా, ముందు చక్రం ఎక్కుడు వైపు, వెనక చక్రం దిగుడు వైపు ఉన్నప్పుడు నడుమ గుంత మీద బండి వంతెన లెక్క నిలబడుతది. రెండు దిక్కుల 20కి 1 వాలుండి కింద కోసుగ కలిస్తే, 3 మీటర్ల బండి నడుమ భాగం రోడ్డుకెళ్లి ఇంకో 7 సెంటీమీటర్లు పైకి ఉన్నట్టు లెక్క. మామూలుగ కింద చదునుగ, మెల్లగ తిరుగుతది కాబట్టి అంత రాదు, కాని కొంత వస్తది. గేజ్ కింద దూరిందని లోపల స్పీడ్ పెంచకు, ఖాళీ బండి ఎగిరితే పైన మిగిలిన ఆ కొంచెం ఖాళీ ఎటు పోతదో తెల్వదు. పొద్దున పోయి గేజ్ కింద, వంతెన నడుమ రెండు జాగలల్ల కర్ర పెట్టి నువ్వే కొలుచుకో.

బత్తాయి తోట (నల్లగొండ):
అందరికి చాన థ్యాంక్స్ అన్నలు. అయితే ఇట్ల చేస్త: టైర్లు అదే 215/75 ఆర్15, లోడ్ అంకె తగ్గకుండ. బ్లాక్ లేదు, 16 రిమ్ము లేదు. కట్ట విప్పించి హెల్పర్ పట్టీ చూపిస్త. కొత్త టైర్ల అర సెంటీమీటరు కలిసినా 2.46 లోపలనే ఉంటది కదా?

గ్యారేజ్ పని (మిర్యాలగూడ):
ఉంటది. కాని కట్ట విప్పినప్పుడు పై పట్టీలు కూడా సాగినయి, మళ్ల కమాన్ కొట్టించాలె (వంపు తెప్పించాలె) అంటరు చూడు, అప్పుడు ఖాళీ ఎత్తు కూడ లేస్తది, రెండు సెంటీమీటర్లు లేసినా నీకు మిగిలేది రెండే. అట్ల చేయిస్తే దుకాణం కాడనే కొలిచి, నచ్చకుంటే అక్కడనే తగ్గించమను. కొన్ని లోడ్లు కొట్టినంక పట్టీలు కొంచెం సర్దుకుంటయి, అప్పుడు మళ్ల ఒకసారి కొలిచి, పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు టైట్ చేయించి, ఆ ఎత్తు రాసి డ్రైవర్ ముందట అద్దం మీద అతికించు, వేరేటోళ్లు తోలినప్పుడు కూడ కనపడాలె.