ఎయిర్ సస్పెన్షన్‌లో బండి ఎత్తు: ఏ స్థాయిని ఎప్పుడు వాడాలి?

ప్రశ్న:
నమస్కారం. ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగుల బదులు గాలితో బండిని మోసే ఏర్పాటు) ఉన్న ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 ఒకటి ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు తగలకూడదన్న ఉద్దేశంతో దాన్ని ఎప్పుడూ ఆఫ్-రోడ్ ఎత్తులోనే నడపాలనుకున్నాను. కానీ హైవే ఎక్కి వేగం అందుకోగానే అది తనంతట తానే కిందికి దిగిపోతోంది. పైగా ఎత్తులో ఉన్నప్పుడు చిన్న గుంతలకు కూడా కుదుపు ఎక్కువగా తెలుస్తోంది. బెలోల్లో (చక్రాల దగ్గర స్ప్రింగుల్లా పనిచేసే గాలి సంచుల్లో) గాలి ఎక్కువగా నిండడం వల్లే గట్టిపడుతోందా? పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం:
దిగిపోవడం లోపం కాదండి, దాన్ని అలాగే తయారు చేశారు. ఎత్తు పెరిగితే బండి బరువు కేంద్రం కూడా పైకి వెళుతుంది, మలుపుల్లో ఒరుగు పెరుగుతుంది. అందుకే మామూలు కన్నా 75 మిల్లీమీటర్లు పైకి లేచే పూర్తి ఆఫ్-రోడ్ ఎత్తును గంటకు సుమారు 50 కిలోమీటర్ల లోపు వేగానికే పరిమితం చేశారు. 80 దాటాక మామూలు ఎత్తే గతి.

కుదుపు గురించి మీరు అనుకున్నది మాత్రం సరి కాదు. బెలోలో ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయించేది అది మోసే బరువు. ఎత్తు పెంచినప్పుడు కంప్రెసర్ లోపలికి మరింత గాలి పంపుతుంది, కానీ బండి బరువు మారలేదు కనుక ఒత్తిడి దాదాపు అంతే ఉండి, గాలి ఆక్రమించే చోటు మాత్రమే పెరుగుతుంది. లెక్క ప్రకారం స్ప్రింగు కాస్త మెత్తబడాలి కూడా. మరి కుదుపు ఎక్కడిదంటే, బాడీ పైకి లేచిన కొద్దీ చక్రం తన కింది హద్దుకు దగ్గరవుతుంది. గుంత వచ్చినప్పుడు ఇంకా కిందికి జారడానికి దానికి చోటు మిగలదు కాబట్టి, చక్రం గుంతలోకి దిగవలసిన చోట బండే ఒక్కసారిగా కుంగుతుంది. మామూలు ఎత్తులో చక్రానికి పైకీ కిందికీ తగినంత చోటు ఉంటుంది. రోజువారీ ప్రయాణానికి అదే సరైనదని నా అభిప్రాయం.

మరో మాట. బ్రోచర్లలో కనిపించే 291 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) ఆఫ్-రోడ్ ఎత్తులో కొలిచినది. అందులోంచి 75 తీసివేసినా సుమారు 216 మిగులుతుంది, మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లలో చాలావాటికి అదే ఎక్కువ. మరీ మొండిది ఎదురైతే ముందుగా ఎత్తు పెంచి, దాటాక దించేయండి. అయితే పదేపదే ఎత్తీ దించీ చేస్తే కంప్రెసర్ వేడెక్కి, చల్లబడేదాకా పనిచేయడం మానేస్తుంది.

రెండవ సమాధానం:
పై వివరణకు చిన్న చేర్పు. బండి లేచేటప్పుడు వెనుక భాగం ముందుగా లేవడం, దిగేటప్పుడు ముందు భాగం ముందుగా దిగడం గమనించి కొందరు కంగారు పడుతుంటారు. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా ఈ వరుస పెట్టారు. తలుపు తెరిచి ఉంటే ఎత్తు మారడం ఆగిపోతుంది, దానికీ మెకానిక్ దగ్గరకు పరుగెత్తనక్కరలేదు. ఇక ఎక్కి దిగేందుకు 50 మిల్లీమీటర్లు కుంగే ఏర్పాటు, స్టాపులో వంగే లో-ఫ్లోర్ బస్సు లాంటిదే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నిజంగా మేలు చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బండి పొట్ట రాయి మీద కూర్చుండిపోతే ఇంకా పైకి లేస్తుందని ఎక్కడో విన్నాను. అది నిజమేనా? పంక్చర్ పడితే జాకీ పెట్టేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

మూడవ సమాధానం:
నిజమేనండి. బండి అడుగు నేలకు ఆనుకుపోయినట్టు వ్యవస్థ పసిగడితే, 75కు అదనంగా మరో 70 మిల్లీమీటర్ల వరకు లేపగలదు. అది ఇరుక్కున్నచోటి నుంచి బయటపడడానికే తప్ప, నడపడానికి కాదు.

జాకీ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. బండిని జాకీతో లేపినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. హైట్ సెన్సర్ దాన్ని చూసి బండి ఎత్తు ఎక్కువైందని భావించి, బెలోలోని గాలిని వదిలేయవచ్చు. అందుకని ఓనర్స్ మాన్యువల్‌లో చెప్పిన విధంగా ముందుగా ఎత్తు సర్దుబాటును ఆపి, ఆ తర్వాతే జాకీ ముట్టుకోండి. రోడ్డు పక్క పంక్చర్ షాపులో కుర్రవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే దగ్గరుండి చెప్పాలి. బండిని మోసే స్టాండ్లు పెట్టకుండా ఎవరినీ బండి కిందికి వెళ్లనివ్వకండి.