‘ఇంటర్న్ పని అయ్యుంటుంది’ జోక్: నవ్వి వదిలేద్దామా, వేయడం మానేద్దామా?

రాత్రిషిఫ్ట్:
ఎక్కడ ఏ సర్వర్ పడిపోయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఐదు నిమిషాల్లో దిగే మొదటి జోక్ ఇదే: “పాపం, ఇంటర్న్‌కి ప్రోడ్ యాక్సెస్ ఇచ్చినట్టున్నారు.” (ప్రోడ్ అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్.) 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ దెబ్బకి ప్రపంచమంతా విండోస్ మెషీన్లకి బ్లూ స్క్రీన్ వచ్చింది గుర్తుందా? మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మెషీన్లు. ఆ రోజు బెల్జియంలో ఒక వ్యంగ్య రచయిత తన ఫొటోని ఆ కంపెనీ ఆఫీసు ముందు నిలబడినట్టు మార్చి, “ఇవాళే చేరాను, చిన్న అప్‌డేట్ పంపాను, మధ్యాహ్నం సెలవు” అన్న అర్థంలో పోస్ట్ పెట్టాడు. నిజమేననుకున్నవాళ్లూ ఉన్నారు. నేనూ నవ్వుకుని నాలుగు గ్రూపులకి పంపాను.

ఇప్పుడు మాత్రం ఈ ఒక్క జోక్ మానేద్దాం అంటున్నాను. ఎందుకంటే ఒకప్పుడు ఆ ఇంటర్న్‌ని నేనే. ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా ఉన్నప్పుడు డేటాబేస్‌లో వేర్ క్లాజ్ (ఏ వరసలు మార్చాలో చెప్పే షరతు) లేకుండా అప్‌డేట్ క్వెరీ కొట్టాను. కస్టమర్లందరి ఊరూ ఒక్కటే అయిపోయింది. తణుకు. డేటా సాయంత్రానికల్లా వెనక్కి వచ్చింది కానీ ఆ పేరు పోలేదు. పెళ్లి కార్డు ఇస్తే కూడా “మండపం ఎక్కడో రాశావా, లేక వేర్ మర్చిపోయావా” అన్నారు. ట్రైనీ చేతికి ప్రోడ్ పాస్‌వర్డ్ ఎందుకిచ్చారని రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

సెమికోలన్ సుబ్బారావు:
తణుకు 😂 సారీ అన్నా, నవ్వాగలేదు.

నవ్వు ఆపేస్తే మాత్రం ఆన్-కాల్ (ఏ వేళ సిస్టమ్ పడినా లేచి చూసే డ్యూటీ) ఎలా చేయాలి చెప్పండి? రాత్రి రెండింటికి బ్రిడ్జ్ కాల్‌లో 40 మంది ఉంటారు. మాట్లాడేది ఇద్దరు, మిగతావాళ్లు మ్యూట్. పది నిమిషాలకోసారి ఒక పెద్దమనిషి చేరి “క్విక్ అప్‌డేట్ ప్లీజ్” అంటాడు. అక్కడ పక్క చాట్‌లో నడిచే జోకులే మమ్మల్ని నిలబెడతాయి. అసలు క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లే పట్టించుకోలేదు. ఆ ఆగస్టులో లాస్ వెగాస్‌లో హ్యాకర్లు ‘అతి పెద్ద వైఫల్యం’ అవార్డు ఇస్తే కంపెనీ ప్రెసిడెంట్ స్వయంగా స్టేజీ ఎక్కి తీసుకున్నాడు. హెడ్ ఆఫీసులో అందరికీ కనబడేలా పెడతానన్నాడు కూడా. తప్పు చేసినవాళ్లకే లేని బాధ మనకెందుకు?

బగ్గుల పద్మ:
సుబ్బారావు గారూ, ఆ అవార్డు తీసుకుంది ప్రెసిడెంట్. ఇంటర్న్ కాదు. కంపెనీని ఎంత వెక్కిరించినా తట్టుకుంటుంది. ట్రైనీ తట్టుకుంటాడా?

టెస్టింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను, కాబట్టి నా గొడవ వేరు. ఈ జోక్ మనసు నొప్పిస్తుందని కాదు, అబద్ధం కాబట్టి నాకు నచ్చదు. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల రూట్ కాజ్ రిపోర్ట్ (ఆర్‌సీఏ, అసలు కారణం వివరించేది) చదివాను. వాళ్ల సెన్సర్‌లో, అంటే మన మెషీన్‌లో నడిచే వాళ్ల ప్రోగ్రామ్‌లో, ఒక రకం రూల్‌కి 21 గడులని రాసుకున్నారు. దాన్ని నడిపే కోడ్ మాత్రం 20 విలువలే ఇస్తుంది. ఇది నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. ఎందుకంటే టెస్టుల్లోనూ, అంతకు ముందు పంపిన రూల్స్‌లోనూ 21వ గడిలో వైల్డ్‌కార్డ్ ఉంది. అంటే ‘ఏదైనా పర్లేదు’ అని. ఏదైనా పర్లేదంటే ఆ గడి వైపు చూసే పనే లేదు. జులై 19న మొదటిసారి ఒక రూల్‌లో ఆ గడికి అసలు విలువ పెట్టారు. లేని 21వ విలువ కోసం కోడ్ వెతికి, తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. అది విండోస్ గుండె లాంటి కెర్నల్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కాబట్టి మొత్తం మెషీన్ కూలింది. రూల్స్‌ని సరిచూసే వాలిడేటర్ కూడా 21 వస్తాయనే నమ్మింది. ఆ ఫైల్‌ని కొద్ది మెషీన్లకి ముందు పంపి చూసే పద్ధతి లేదు. అందరికీ ఒకేసారి వెళ్లిపోయింది.

ఇందులో ఇంటర్న్ ఎక్కడున్నాడో చూపించండి.

ప్లగ్గు పెట్టారా:
మీరంతా కోడ్ గురించే మాట్లాడుతున్నారు, మెషీన్లని లేపినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మన టైమ్ ప్రకారం ఆ ఫైల్ వచ్చింది ఉదయం 9:39కి. సరిగ్గా జనం లాగిన్ అయ్యే వేళ. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, నిజమే. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్‌కి నెట్ ద్వారా ఏం పంపినా అందుకునే స్థితిలో లేదు. చాలావాటికి మనిషే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, 291 నంబరున్న ఆ ఫైల్ డిలీట్ చేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల కీ కొట్టాలి.

48 అంకెలు ఫోన్లో చెప్పడం అంటే ఏమిటో తెలుసా? ఈ గొడవలో కాదు, మామూలుగా మదర్‌బోర్డ్ మార్చినప్పుడు నాకు పడింది. అవతల కాకినాడలో ఇంటి నుంచి పనిచేసే ఒక అకౌంట్స్ మేడమ్. వెనకాల మిక్సీ. నేను “ఫైవ్” అంటే ఆవిడ “నైనా?” అంటారు. మూడోసారి కూడా తప్పాక “బాబూ, తెలుగులో చెప్పు” అన్నారు. ఐదు, తొమ్మిది, రెండు, సున్న... ఒక్క దెబ్బకి తెరుచుకుంది. అప్పటి నుంచి ఎవరికైనా తెలుగులోనే చెప్తున్నాను.

జోక్ విషయానికొస్తే, వేసుకోండి. మా మీద మాత్రం ‘రీస్టార్ట్ చేశారా’ జోకులు వేయకండి. ఆ రోజు కొన్ని మెషీన్లు పదిహేనుసార్లు రీస్టార్ట్ చేస్తే లేచాయట. మైక్రోసాఫ్టే చెప్పింది.

రస్ట్‌రాజా:
పద్మ గారూ, జోక్ వల్ల మేలు కూడా ఉంది. చాలా వెబ్‌సైట్ల ట్రాఫిక్ నడిపే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో 2025 నవంబర్ 18 సంగతి చూడండి. డేటాబేస్‌లో ఒక పర్మిషన్ మార్చారు, క్వెరీకి ఒకే వరసలు రెండేసిసార్లు వచ్చాయి, బాట్లని పసిగట్టే ఫైల్ రెట్టింపైంది, 200 అంశాల పరిమితి దాటేసింది. అక్కడ రస్ట్ భాషలో రాసిన కోడ్‌లో ఒక అన్‌ర్యాప్. ‘ఎర్రర్ రాదులే’ అనే ధీమాతో రాసేది. ఎర్రర్ వచ్చింది, ప్యానిక్ అయింది, అంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయింది. సైట్లు పడ్డాయో లేదో చూసుకునే డౌన్‌డిటెక్టర్ కూడా తెరుచుకోలేదు!

ఆ రోజు నన్ను ఎన్ని మాటలన్నారో. “రస్ట్‌లో రాస్తే తుప్పే” అన్నారు. కానీ ఆ జోకుల పుణ్యమా అని మా టీమ్ మర్నాడే కూర్చుని అన్‌ర్యాప్‌లన్నీ వెతికింది. ఆరు దొరికాయి. ఆర్‌సీఏ పంపి ఉంటే ఒక్కరూ తెరిచేవారు కాదు.

బగ్గుల పద్మ:
రాజా, నువ్వు నా మాటే చెప్తున్నావు. ఆ జోక్ కోడ్ మీద. ఏ లైన్, ఎందుకు అని అందరూ వెతికారు, ఆరు దొరికాయి. ‘ఇంటర్న్ చేశాడు’ అంటే వెతకడానికి ఏమీ ఉండదు. వాడిని తీసేస్తే సరి.

రాత్రిషిఫ్ట్:
పద్మ గారి మాటకి ఒకటి కలుపుతాను. ఈ జోక్ మనం వేస్తే సరదా. పెద్దవాళ్లు అదే మాట సీరియస్‌గా అంటే? సోలార్‌విండ్స్ హ్యాక్ మీద 2021 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ విచారణ జరిగింది. ‘సోలార్‌విండ్స్123’ అనే పాస్‌వర్డ్ ఇంటర్నెట్‌లో బయటపడి ఉన్న సంగతి అడిగితే, అది ఒక ఇంటర్న్ చేసిన పొరపాటు అన్నాడు మాజీ సీఈఓ. ప్రభుత్వ శాఖలకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. ఇన్నేళ్లు మనం వేసిన జోక్‌నే ఆయన జవాబుగా వాడుకున్నాడు.

అట్లాంటా అల్లుడు:
ఇక్కడ అట్లాంటాలో ఆ వారం ఎవరికీ నవ్వు రాలేదు. డెల్టా ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది, 50 కోట్ల డాలర్లు పోయాయని వాళ్ల సీఈఓ అన్నాడు. మన హైదరాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయినప్పుడు మాత్రం మా ఇంట్లో అందరం చూశాం. మా మామగారికి తెగ నచ్చింది. “దస్తూరీ బాగుంది” అన్నారు.

ఇంటర్న్ జోక్ కన్నా నన్ను నవ్వించింది కూపన్. సారీ చెప్తూ క్రౌడ్‌స్ట్రైక్ తన పార్ట్‌నర్లకి పది డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్ పంపింది. ఎక్కువమంది ఒకేసారి వాడేసరికి అది మోసమనుకుని ఉబర్ ఆపేసింది. ఇలాంటివి ఉండగా ఇంటర్న్ మీద పడటం దేనికి?

సెమికోలన్ సుబ్బారావు:
సరే, సోలార్‌విండ్స్ దగ్గర నా నోరు మూతపడింది. కానీ పూర్తిగా ఒప్పుకోను. 2017లో, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ అర్ధరాత్రి అలసటలో రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డేటాబేస్ డైరెక్టరీ లేపేశాడు. 300 జీబీలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్ ఏర్పాట్లు ఐదున్నా ఒక్కటీ పనికిరాలేదు. వాళ్లు రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టేశారు. వేలమంది చూస్తూ జోకులు వేశారు. కానీ ఆ మనిషి మీద కోపంతో కాదు, “నేనూ చేశాను ఇలాంటిది” అనే బాపతు. రాత్రిషిఫ్ట్ అన్నా, మీ తణుకు కథకి నేను నవ్వింది అలాగే. ‘నేను చేశాను’ జోక్ ఉండనీయండి. ‘వాడు చేశాడు’ జోక్ కావాలంటే తీసేయండి.

కొత్తగా చేరా:
అక్కా, అన్నా, నేను చేరి ఎనిమిది నెలలు. దీని ముందు ఇదే కంపెనీలో ఇంటర్న్. పద్మ అక్క చెప్పిన 21వ గడి చదివాక డౌట్ వచ్చి మా టెస్ట్ ఫైల్ తెరిచాను. నాలుగు చోట్ల స్టార్ పెట్టి ఉంది. ఏదొచ్చినా పాస్.

బగ్గుల పద్మ:
శభాష్. ఎవరు పెట్టారో బ్లేమ్ (ఏ లైన్ ఎవరు రాశారో చూపేది) చూశావా?

కొత్తగా చేరా:
చూశానక్కా. నా పేరే ఉంది. ఇంటర్న్‌షిప్‌లో రెండో వారం.

సెమికోలన్ సుబ్బారావు:
అయిపోయింది. థ్రెడ్ క్లోజ్ చేయండి 😂

బగ్గుల పద్మ:
ఆగండి. బాబూ, ఆ పీఆర్ (కోడ్ కలపమని పెట్టే రిక్వెస్ట్) అప్రూవ్ చేసిందెవరు?

కొత్తగా చేరా:
ముగ్గురు. మా లీడ్, ఆయన పైన ఆర్కిటెక్ట్, ఇంకో సీనియర్. మూడు కామెంట్లూ ‘ఎల్‌జీటీఎం’ (చూశాను, బాగానే ఉంది) అనే ఉన్నాయి. మొత్తం 1,400 లైన్లు. పంపిన రెండు నిమిషాల్లో మూడూ వచ్చేశాయి.