వర్క్‌షాప్ షట్టర్‌కి ఏ మోటారు మంచిది?

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాకు చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. రోలింగ్ షట్టర్ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, 18 గేజ్ రేకు. రోజూ పొద్దున్నే దాన్ని ఎత్తేది నాన్నగారే. ఈమధ్య ఆయనకు భుజం నొప్పి ఎక్కువైంది, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. అందుకే మోటారు పెట్టిద్దామనుకుంటున్నాం.

ఒకాయన సైడ్ మోటారు (షట్టర్ చుట్టుకునే రాడ్డుకి ఒక పక్కన బిగించేది) పెట్టమంటున్నారు. కరెంటు పోతే గొలుసు లాగి తెరవచ్చు, స్ప్రింగులతో పని లేదు. ఇంకొకాయన సెంటర్ మోటారు (ఆ రాడ్డు మధ్యలో బిగించేది) చాలంటున్నారు. కానీ అందులో బరువు మోసేది ఎక్కువగా స్ప్రింగులే, మావేమో పదిహేనేళ్ల నాటివి. నాకైతే సైడ్ మోటారే నయమనిపిస్తోంది. 300 కిలోల బరువు ఎత్తేది సరిపోతుందా, 500 కిలోలది తీసుకోవాలా? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? కుర్రాళ్లు షట్టర్ కింద నుంచి దూరి వస్తుంటారు, కాబట్టి ఎవరైనా అడ్డం వస్తే షట్టర్‌ని ఆపే సెన్సర్ తప్పనిసరి. వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.