సముద్రం చూడని పిల్లలతో సముద్రం కార్డులు చేయించడం తప్పా?

రంగుల పేటి, నల్గొండ

అందరికీ నమస్తే. ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలకు మా ఇంటి ముందు గదిలో కాగితం పని నేర్పిస్తాను. ఈసారి 14 మంది వచ్చారు. ఎక్కువమంది ఆరు, ఏడు తరగతుల వాళ్లే. పోయిన వారం గ్రీటింగ్ కార్డులు మొదలుపెట్టాం. సముద్రతీరం అనుకున్నాం. అలలు, ఇసుక, పడవ, గవ్వలు.

పని చాలా తేలిక. ఏ4 కార్డ్ షీట్‌ను సగానికి కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే ఒక కార్డు. మడత పడేచోట ముందుగా స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా ఒక గీత గీయిస్తాను, మడత పగలకుండా వస్తుంది. అలలకు డిజైన్ పేపర్ తీసుకున్నాం. ఇక్కడ మాత్రం కత్తెర ముట్టుకోనివ్వను, చేత్తోనే చింపాలి. ఒక వైపే ప్రింట్ ఉండి లోపల తెల్లగా ఉండే కాగితాన్ని మెల్లగా మన వైపు లాగుతూ చింపితే, రెండు ముక్కల్లో ఒకదానికి సన్నటి తెల్ల అంచు వస్తుంది. అది అచ్చం నురుగులాగే ఉంటుంది. నీలం చుక్కలది, నీలం చారలది, లేత ఆకుపచ్చ గళ్లది, ఇలా మూడు పట్టీలు ఒకదాని కింద ఒకటి జరిపి అతికించేసరికి పిల్లలు కార్డును అటూ ఇటూ వంచి చూసుకుని మురిసిపోయారు.

మొన్న ఒక పాపను తీసుకెళ్లడానికి వాళ్ల తాత వచ్చారు. కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "అమ్మా, ఈ పిల్ల సముద్రం ఎన్నడన్న చూసిందా? ఈ ఎర్ర తెల్ల స్తంభం ఏంది? పానగల్లు చెరువు మన పక్కనే ఉండె గదా, అది ఎందుకు చేయించవు?" అన్నారు. కోపంతో అనలేదు, బాధపడుతూ అన్నారు. ఆ స్తంభం లైట్‌హౌస్. పాప ఫోన్‌లో చూసి చేసింది. రెండు రోజులైంది, ఆ మాట నన్ను వదలడం లేదు. నేను చేసింది తప్పా? మీరేమంటారు?

డ్రాయింగ్ సార్, పాలమూరు

తాత మాటే నా మాట, టీచరమ్మా. మీ పనితనాన్ని తక్కువ చేయడం లేదు. చింపిన అంచు నురుగు కావడం చదువుతుంటే నాకే చేతులు ఊరుకోలేదు. కానీ 22 ఏళ్లుగా పిల్లల బొమ్మలు చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. కళ్లతో చూసింది గీసినప్పుడు పిల్లల గీత వేరేగా ఉంటుంది. చూడనిది గీయమంటే వేరేవాళ్ల బొమ్మను కాపీ కొడతారు. ఒక తరగతిలో నలభై మందికి సముద్రం ఇస్తే నలభై కార్డుల మీదా ఒకటే వంగిన కొబ్బరిచెట్టు, ఒకటే సగం సూర్యుడు. మన నల్గొండ, పాలమూరు పిల్లలకు తెలిసిన చెట్టు తాడి. నిటారుగా నిలబడుతుంది, ఆకు విసనకర్రలాగా విప్పుకుంటుంది. ఆ చెట్టు కింద తిరిగిన పిల్లాడు కాగితం మీద దాన్ని వంచి కొబ్బరిచెట్టు చేస్తుంటే నాకు నిజంగా నొప్పి కలుగుతుంది.

నీళ్లు కావాలంటే మనకు నీళ్లు లేవా? తెలంగాణకు తీరం లేకపోయినా మన పెద్దలు చెరువుకు సముద్రమనే పేరు పెట్టుకున్నారు. పానగల్లు చెరువు పేరే ఉదయసముద్రం, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. 1955లో నందికొండ దగ్గర పునాది రాయి వేసిన ఆనకట్టకు నాగార్జునసాగర్ అని పేరు వచ్చింది. ఆ సాగర్ మధ్యలో దీవి కూడా ఉంది, నాగార్జునకొండ. లాంచీ ఎక్కి పోవచ్చు.

పడవ కావాలంటే పుట్టి ఉంది. జూరాల దగ్గర, ఇటు కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర చేపలు పట్టేవాళ్లు ఇప్పటికీ పుట్టి మీదే పోతారు. వెదురు బద్దలతో గుండ్రంగా పెద్ద గంపలాగా అల్లుతారు. ఒకప్పుడు తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. కార్డు మీద చేయడానికి దీనికంటే తేలికైన పడవ ఉండదు. స్టీలు డబ్బా మూత పెట్టి గుండ్రంగా గీసి, గళ్ల కాగితం అతికిస్తే అదే అల్లిక. తెరచాప పడవ మన కృష్ణలో నాకెక్కడా కనబడలేదు.

చిన్నీ వాళ్ల అమ్మ, మిర్యాలగూడ

పిల్లలు రాకెట్లు కూడా గీస్తారు కదా సార్. చంద్రుడి మీదికి పోయి వచ్చినవాళ్లు మాత్రమే చంద్రుణ్ని గీయాలంటే ఎట్లా? మా పాప మూడేళ్లుగా బాపట్ల బీచ్‌కు తీసుకెళ్లమని అడుగుతోంది, మాకు కుదరడం లేదు. కనీసం కాగితం మీదన్నా సముద్రం ఉండనివ్వండి.

చిటికి, పుట్టపాక

మాది నేత ఇల్లు. సముద్రం మనది కాదు అన్న మాట దగ్గర నాకు చెప్పాలనిపించింది, సార్.

పోచంపల్లి ఇక్కత్ అని అందరూ అనే పనిని మా ఇళ్లల్లో చిటికి అంటాం. నూలును గ్రాఫ్ పేపర్ మీద గీసుకున్న డిజైన్ ప్రకారం ముందే కట్టి, అద్దకం వేసి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తాం. ఈ పని ఇక్కడ పుట్టలేదు. 20వ శతాబ్దం మొదట్లో చీరాల నుంచి మన వైపు వచ్చింది. చీరాల అంటే సముద్రం ఒడ్డే. అక్కడి తేలియా రుమాళ్లు ఓడల మీద అరబ్బు దేశాలకు పోయేవి. తేల్ అంటే నూనె. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టడం వల్ల ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే. చీరాలలో ఆ పని సన్నగిల్లినా మా పుట్టపాకలో నిలిచింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే నల్గొండ గర్వంగా చెప్పుకునే డిజైనే తీరం నుంచి నడిచి వచ్చింది. దాన్ని మనది అనుకున్నాం కదా, మరి అలను ఎందుకు పరాయిది అనుకోవాలి?

ఇంకొక సంగతి, టీచరక్కా. చిటికి డిజైన్ అంచు ఎప్పుడూ స్కేలుతో గీసినట్టు ఉండదు. కట్టు కింద రంగు కాస్త పాకుతుంది, అంచు చెదిరినట్టు కనబడుతుంది. నీళ్ల అంచు కూడా అట్లాగే ఉంటుంది. మీ అలలకు అంతకంటే నప్పే డిజైన్ నాకు తెలియదు. కానీ దయచేసి మార్కెట్లో దొరికే 'పోచంపల్లి ప్రింట్' గిఫ్ట్ పేపర్ కొనకండి. మిషన్ మీద అచ్చు వేసిన బట్టలు అదే పేరుతో సగం ధరకు అమ్ముడుపోయి మా మగ్గాలు ఇప్పటికే దెబ్బతిన్నాయి. పిల్లలకు అచ్చు వేసిందే అసలైనదన్న అలవాటు పడితే రేపు వాళ్లే కొనుగోలుదారులు. మా దగ్గర మగ్గం నుంచి దింపిన బట్ట కొసముక్కలు మిగులుతాయి. చెప్పండి, ఒక సంచి పంపిస్తాను.

రంగుల పేటి, నల్గొండ

తమ్మీ, ఆ గిఫ్ట్ పేపర్ నేను ఇదివరకే రెండు షీట్లు కొన్నాను. ఇంత ఆలోచించలేదు. ఇక కొనను. కొసముక్కలు తప్పకుండా పంపించు, డబ్బులు తీసుకుంటానంటేనే. బట్ట అతికిస్తే పోగులు లేస్తాయి కాబట్టి ముందుగా బట్టకు వెనక వైపు పల్చని తెల్లకాగితం అంటించి, ఆరాక కోస్తే సరిపోతుందనుకుంటున్నా. జిగురు ఎక్కువైతే కార్డు వంకర తిరుగుతుంది, గ్లూ స్టిక్ వాడతాను.

తాండా బిడ్డ, దేవరకొండ

గవ్వల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

మా నానమ్మ కాంచళి, అంటే మా లంబాడీ ఆడవాళ్లు తొడిగే రవిక, దాని మీద అద్దాల పక్కన గవ్వలు కుట్టి ఉండేవి. చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని వాటిని లెక్కపెట్టేదాన్ని. ఒక గవ్వకు పన్ను దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉండేది, వేలికి గరుకుగా తగిలేది. నానమ్మ ఎన్నడూ సముద్రం చూడలేదు. కానీ మా పెద్దలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుని దేశమంతా తిరిగినవాళ్లు, లంబాడీ అన్న పేరే లవణం నుంచి వచ్చిందని చెప్తారు. ఉప్పు, గవ్వ రెండూ సముద్రానివే. మా తాండాకు సముద్రం ఎప్పుడో వచ్చింది. ఏ ఊరి పిల్లలైనా అష్టాచెమ్మా ఆడేది గవ్వలతోనే కదా సార్. నాలుగు గవ్వలు నేల మీద పడిన చప్పుడు తెలియని పిల్లలు మన దగ్గర ఉన్నారా?

అయితే నిజం గవ్వలు, శంఖాలు కొనుక్కొచ్చి కార్డుకు అతికించడం నాకు ఇష్టం లేదు. 2001లో సముద్రపు గుర్రాలు, పగడాలతో పాటు కొన్ని రకాల శంఖాలు, గవ్వలను కూడా వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. సంచిలో కలిపి అమ్మేవాటిలో ఏది ఏదో మనం పోల్చుకోలేం. కాగితం గవ్వ చేయించండి. కోడిగుడ్డు ఆకారంలో కోసి, మధ్యలో ఒక చీలిక పెట్టి, రెండు వైపులా పళ్లలాగా చిన్న గాట్లు ఇస్తే చాలు.

ఎర్ర డబ్బా, సూర్యాపేట

పోస్టులో పంపేవాళ్లకు చిన్న మాట. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే) ఏ4 షీటు దాదాపు 16 గ్రాములు, అందులో సగంతో చేసే కార్డు 8 గ్రాములు. కవరు, అలల పట్టీలు కలిపినా మామూలు ఉత్తరానికి మొదటి స్టాంపు సరిపోయే 20 గ్రాముల లోపే ఉంటుంది. గవ్వ అతికిస్తే ఆ లెక్క దాటొచ్చు, పైగా ముద్ర కొట్టేటప్పుడు పగిలి కవరు చిరుగుతుంది. పడవ కింద ఫోమ్ టేపు కూడా పల్చనిదే పెట్టండి. ఇంత కష్టపడి చేసిన కార్డు నలిగి చేరితే పిల్లల మనసు విరిగిపోతుంది.

డ్రాయింగ్ సార్, పాలమూరు

పుట్టపాక తమ్ముడు, దేవరకొండ చెల్లె చెప్పినవి చదివాక నా మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. సముద్రం మనకు పరాయిది అన్నట్టు రాశాను, అది సరికాదు. గవ్వ, ఉప్పు, చిటికి మన ఇళ్లల్లోనే ఉన్నాయి.

కానీ గమనించండి, మీరిద్దరూ చెప్పింది చేత్తో ముట్టుకున్న సముద్రం. నానమ్మ కాంచళి మీద గవ్వ, నాన్న మగ్గం మీద రంగు. ఫోన్‌లో చూసి దింపిన లైట్‌హౌస్ అట్లాంటిది కాదు. నేను వద్దంటున్నది దాన్నే. ముందు ఒకరోజు పిల్లలను పానగల్లు చెరువు గట్టు మీదికి తీసుకెళ్లండి టీచరమ్మా. గాలికి నీళ్ల మీద ముడతలు ఎట్లా పడుతున్నాయో చూసి రానివ్వండి. ఆ తర్వాత సముద్రం చేసినా, చెరువు చేసినా వాళ్ల గీత మారుతుంది. చిన్నీ వాళ్ల అమ్మగారూ, మీరన్న రాకెట్ మాట మీద మాత్రం నేను ఇంకా ఒప్పుకోను.

మక్తల్ బిడ్డ, ముంబయి

మూడు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మాది మక్తల్ దగ్గర పల్లె. మా నాయిన, చిన్నాయన అందరూ బొంబాయికి పనికి వచ్చినవాళ్లే. ఇప్పుడు నేనూ ఇక్కడే, బిల్డింగ్ పని. పాలమూరు నుంచి ఇట్లా వచ్చినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

మా బిడ్డ ఊళ్లో నానమ్మ దగ్గర ఉండి ఐదో తరగతి చదువుతోంది. ఆమెకు సముద్రం అంటే ఫోన్‌లో బొమ్మ కాదు సార్, నాయిన ఉన్న చోటు. ఆదివారం నేను ఒడ్డుకు పోయి వీడియో కాల్ చేస్తే, నా ముఖం పక్కకు జరిపి నీళ్లు చూపించమంటది. పోయిన సంక్రాంతికి నేను పోలేకపోయిన. అప్పుడు నోట్‌బుక్ అట్ట చింపి కార్డు చేసి పంపింది. కింద నీళ్లు, పైన ఒక మనిషి. నీళ్లకు నీలం రంగు వేసింది. ఆ కార్డు నా పెట్టె మూతకు లోపలి వైపు అతికించుకున్న. ఆ పిల్ల కూడా సముద్రం చూడలేదు. కానీ ఆ కార్డు తప్పు అని నేను ఎట్లా అనాలె?

ఒక్కటి మాత్రం ఉంది. వానాకాలంలో ఇక్కడి సముద్రం నీలంగా ఉండదు. కొత్తనీళ్లు వచ్చిన మన చెరువులాగా మట్టి రంగులో ఉంటది. నురుగు మాత్రం తెల్లగనే ఉంటది.

డ్రాయింగ్ సార్, పాలమూరు

తమ్మీ, మీ బిడ్డ కార్డు గురించి నేను ఒక్క మాట కూడా అనలేను. పైన ఆ మనిషిని పెట్టింది చూడు, అది ఎవరి దగ్గరా చూసి గీసింది కాదు.

రంగుల పేటి, నల్గొండ

మక్తల్ తమ్ముడి పోస్టు నిన్న పిల్లలకు చదివి వినిపించాను. మా 14 మందిలో ఇద్దరి నాన్నలు ఊళ్లో లేరని నాకు అప్పుడే తెలిసింది. ఇన్ని రోజులుగా కార్డు ఎవరికి పంపుతావు అని నేను ఒక్కరినీ అడగలేదు. అడిగాక చూస్తే, ఒకడు సాగర్‌లో ఉన్న మేనమామకట, వాడికి ఆనకట్ట గేట్లు కావాలి. తాత వాళ్ల పాప మాత్రం లైట్‌హౌస్ తీసేయనంది. ఆ పాపదే ఆ కార్డు, ఉంచుకోమన్నాను. ఆదివారం పొద్దున అందరం చెరువు గట్టుకు పోతున్నాం, తాత కూడా వస్తానన్నారు.

నాన్నలు ఊళ్లో లేని ఆ ఇద్దరూ మట్టి రంగు సముద్రమే చేస్తామన్నారు. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం తీశాం. చింపి చూస్తే తెల్ల అంచు రాలేదు, అది లోపల కూడా ఖాకీయే కదా. అందుకని తెల్లకాగితం సన్నగా వేరే చింపి, నురుగుకు దాన్ని కింద నుంచి అతికిస్తున్నాం. మొదటి కార్డు ఇప్పుడే పుస్తకాల బరువు కింద ఆరుతోంది.