మోకరిస్తే మాట రావడం లేదు. మీకు ఎప్పుడైనా ఇలా అయిందా?

చీరాల చెల్లి:
అందరికీ వందనాలు. మావారికి రెండు కిడ్నీలూ పాడై 14 నెలలైంది. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, ఒక్కోసారి 4 గంటలు. మాది మగ్గం ఇల్లు. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశాక ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. మగ్గం మీద దుప్పటి కప్పేశాం. నేను జాకెట్లు కుడుతున్నాను.

పొద్దున్నే లేవగానే ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూస్తాను. ఫిస్టులా బాగుంటే లోపల జుమ్మని అదురుతుంది. అది తగిలేదాకా నాకు ఊపిరి ఆడదు. ఆ తర్వాత మోకరిస్తాను, అది చిన్నప్పటి అలవాటు. ‘తండ్రీ’ అంటాను. ఇంకో మాట రాదు.

బుధవారం కూడికలో ఒకామె, "మీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందమ్మా, లేకపోతే ఈపాటికి స్వస్థత వచ్చేది" అంది. ఇంకొకరు మందులు మాని ఉపవాసం పట్టమన్నారు. అది వినలేదు. ఒక్క డయాలసిస్ తప్పితే ఆయన కాళ్ళు ఎలా ఉబ్బుతాయో, పడుకుంటే ఊపిరి ఎలా అందదో చూసినదాన్ని. మొదటి మాట మాత్రం ముల్లులా దిగిపోయింది. ఇప్పుడు చర్చిలో దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు మొదలవగానే లేచి వచ్చేస్తున్నాను.

దేవుణ్ణి వదల్లేదు. వదిలితే నాకింకెవరున్నారు? మాటలు రాని రోజుల్లో మీరేం చేశారు? దయచేసి వాక్యాలు వరసగా రాసి పంపకండి. మీకు జరిగింది చెప్పండి.

గుండ్లకమ్మ ఒడ్డు:
చెల్లీ, మా అమ్మ క్యాన్సర్‌తో మంచాన పడ్డప్పుడు చాలామంది వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. ఒకామె మాత్రం కొంగు దోపుకుని అంట్లు తోమి, అమ్మ దుప్పట్లు పిండి ఆరేసి వెళ్ళేది. ఆమె వచ్చి వెళ్ళిన రాత్రుళ్ళే నాకు నిద్ర పట్టేది.

మాది ఒంగోలు వైపు. 1876-78 కరువులో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. తిండి కోసం వస్తారేమోనని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న మా గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ముందు కూలి, కూడు. అందుకే చెప్తున్నా, చర్చి స్త్రీల సమాజాన్ని ‘ప్రార్థించండి’ అని మాత్రమే అడగకు. ‘గురువారం ఆయన దగ్గర ఒకరు కూర్చోండి, నేను రెండు గంటలు పడుకుంటాను’ అని అడుగు. అడగడానికి సిగ్గుపడకు.

తమ్ముడు, హైదరాబాద్:
అక్కా, ఉద్యోగం పోయి ఏడు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు నేను ప్రభువు ప్రార్థన ఒక్కటే చెప్పుకునేవాణ్ణి. అది కూడా ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ దగ్గర ఆగిపోయేది. అక్కడే ఆమేన్ అనేసి లేచేవాణ్ణి.

పెద్దాయన, గుంటూరు:
తల్లీ, నేనూ ఆ డయాలసిస్ మంచం మీద ఉన్నవాణ్ణే, ఇది ఆరో ఏడు. నాకు రోజుకు ముప్పావు లీటరు నీళ్ళే. టీ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే.

సంఘ పెద్దగా ఎన్నో గుడ్ ఫ్రైడేలకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదో మాట మీద ప్రసంగం నాకిచ్చేవారు, ‘దప్పిగొనుచున్నాను’. అది ఆత్మల కోసం దప్పిక అని చెప్పేవాణ్ణి. మే నెలలో ఒక రాత్రి నాలుక అంగిటికి అంటుకుపోయి, ఒక్క ఐసు ముక్క చప్పరిస్తూ పడుకున్నప్పుడు తెలిసింది, ఆయనకూ నిజంగా నోరెండిందని. మంచినీళ్ళ కోసమే దప్పిక. ఆ రాత్రి ఆయన నా పక్కనే పడుకున్నట్టు అనిపించింది.

నాలుగో మాట చూడు. ‘నా దేవా, నా దేవా’ అన్న ఆ కేక బైబిల్లో 22వ కీర్తన మొదటి వచనం. అంత బాధలో ఆయనే పాత కీర్తనను అందుకున్నాడు. నీకు మాటలు రాకపోతే ఎవరో ఏడ్చి రాసిపెట్టినవి తీసుకో. 88వ కీర్తన చదువు. మొర పెట్టే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. అది తిరగదు, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. అయినా అది ప్రార్థనే, బైబిల్లోనే ఉంది.

నీకు లోపం ఎంచినామె మాట పక్కన పెట్టు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బున పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నారు, అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచి తప్పు యోబుదే అన్నారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళమీద.

చీరాల చెల్లి:
తాతగారూ, నిన్న శనివారం డయాలసిస్ మిషన్ పక్కన కూర్చుని 88వ కీర్తన చదివాను. మావారు కళ్ళు మూసుకునే ‘మళ్ళీ చదువు’ అన్నారు. రెండోసారి చదువుతుంటే పక్క మంచం పిన్ని కొంచెం గట్టిగా చదవమంది.

అక్కా, స్త్రీల సమాజంలో అడిగాను. ఈ గురువారానికి ఇద్దరు వస్తామన్నారు.

ఇవాళ పొద్దున ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టి, ‘తండ్రీ’ తర్వాత ఆ చీకటి మాటే అన్నాను. అంటుంటే అదురు తగిలింది.