చర్చ: జీక్యాంప్ మ్యూటెంట్, కాల్షియం లేకపోయినా వెలుగుతోంది

ఎచ్చెర్ల_ప్రోటీన్:
కణంలోని ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) లోపలి కాల్షియం కొలవడానికి, కాల్షియం పడితే ఆకుపచ్చగా వెలిగే సెన్సార్ ప్రోటీన్ జీక్యాంప్6ఎఫ్‌లో ఈ104డీ మార్పు (104వ స్థానంలో గ్లుటమేట్ బదులు అస్పార్టేట్) పెట్టాం. బీఎల్21(డీఈ3) బ్యాక్టీరియా, ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్, 20 డిగ్రీల్లో రాత్రంతా. నికెల్ కాలమ్, 300 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో ఎల్యూషన్ (కాలమ్ నుంచి ప్రోటీన్ దింపడం). ప్లేట్‌లో ఒక్కో గుంతకి 50 మైక్రోలీటర్ల ప్రోటీన్, 50 మైక్రోలీటర్ల ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం) బఫర్. మార్పు లేని 6ఎఫ్‌కే ఎఫ్‌మ్యాక్స్‌ని (కాల్షియం నిండుగా ఉన్నప్పటి వెలుగు) ఎఫ్‌మిన్‌తో (కాల్షియం లేనప్పటి వెలుగు) భాగిస్తే 6 దాటట్లేదు, 50 దరిదాపుల్లో ఉండాలి. జీరో దగ్గర ఈ వెలుగేమిటి? కేడీ (సగం ప్రోటీన్ కాల్షియం పట్టే మోతాదు) కొలవడానికి ఏ బఫర్లు? కరెంటు పోతే ప్రోటీన్ ఎలా దాచుకోవాలి?

బొబ్బిలి_వీణ:
నీళ్ళండీ, నీళ్ళు. మన జిల్లాల బోరు నీటితో గాజు సామాను కడిగితే కాల్షియం అంటుకునే ఉంటుంది. మొత్తం ప్లాస్టిక్‌లోకి మారండి, మిల్లీక్యూ నీళ్ళే వాడండి. ముందు అది చేసి తర్వాత మాట్లాడండి.

టెక్కలి_బఫర్:
ఏటి మాస్టారూ, కాస్త లెక్క వేసి చెప్పండి. 10 మిల్లీమోలార్ ఈజీటీఏలో 20 మైక్రోమోలార్ కాల్షియం కలిసిపోయిందనుకుందాం. పీహెచ్ 7.2 దగ్గర ఈజీటీఏ కేడీ సుమారు 150 నానోమోలార్. 150ని 20తో గుణించి 9980తో భాగిస్తే 0.3 నానోమోలార్. 6ఎఫ్ కేడీ 375. అది వెలుగుతుందా?

బొబ్బిలి_వీణ:
మీ లెక్క కాగితం మీద బాగుంది. అసలు డబ్బాలో ఈజీటీఏ నూటికి నూరు శాతం ఉందని ఎవరన్నారు? 95 శాతమే ఉంటే?

టెక్కలి_బఫర్:
ఉంటే జీరో గొట్టానికి ఏమీ కాదు, పైచివర మునుగుతుంది. కాల్షియం-ఈజీటీఏ 10 మిల్లీమోలార్ అనుకున్న సీసాలో 0.5 మిల్లీమోలార్ కాల్షియం ఊరికే తిరుగుతుంది. అందుకే తూకం నమ్మకూడదు. కాల్షియం క్లోరైడ్ గాల్లో తేమ పీలుస్తుంది, మన సముద్రపు గాలికి మరీను. పీహెచ్ మీటర్ పెట్టి కొద్దికొద్దిగా కాల్షియం వేస్తూ పోండి. ఒక్కో కాల్షియం పట్టుకున్నప్పుడల్లా ఈజీటీఏ రెండు ప్రోటాన్లు వదుల్తుంది, పీహెచ్ పడుతుంది, కేఓహెచ్‌తో మళ్ళీ ఎత్తాలి. ఎప్పుడైతే పడ్డం ఆగిందో అదే సమానం. అడిగింది జీరో గురించి, మీరేమో గ్లాసులు కడుగుతున్నారు.

బొబ్బిలి_వీణ:
కడగనివాళ్ళ డేటా చాలా చూశాం లెండి.

గజపతి_ఆప్టిక్స్:
ఇద్దరూ ఆగండి. ఒంటి రంగు సెన్సార్ పెట్టుకుని కాన్సంట్రేషన్ చెప్పాలనుకోవడమే తప్పు. 1997లో మియావాకీ, చెన్ వాళ్ళ కామెలియన్ వచ్చిందే రేషియో కోసం: నీలి సీఎఫ్‌పీ, పసుపు వైఎఫ్‌పీ మధ్య ఫ్రెట్, అంటే దగ్గరైతే ఒకదాని శక్తి రెండోదానికి పోవడం. ప్రోటీన్ ఎంత ఉన్నా, కణం కదిలినా నిష్పత్తి నిలబడుతుంది. మైక్రోస్కోప్ ముందు కూర్చునే నాలాంటివాణ్ని అడగండి.

టెక్కలి_బఫర్:
ఫ్రెట్‌లో మార్పు చిన్నది, మాస్టారూ. 2001లో నకాయ్ వాళ్ళు సీపీఈజీఎఫ్‌పీతో (చివరలు మార్చి కట్టిన ఆకుపచ్చ ప్రోటీన్) జీక్యాంప్ కట్టింది అందుకే. రేషియో కావాలంటే 488 నానోమీటర్లతో పాటు 405 దగ్గర కూడా ఎక్సైట్ చేస్తే చాలు, అక్కడ కాల్షియంతో పెద్దగా మారదు.

నాగావళి:
ఎల్యూషన్ సగానికి సగం కలుపుతున్నారని ఎవరూ చూడలేదా? గుంతలో 150 మిల్లీమోలార్ ఇమిడజోల్ ఉంది. పీహెచ్ నిలబెట్టే మాప్స్ 30 పెట్టుకున్నా సగమై 15 మిగిలింది. ఇమిడజోల్ పీహెచ్ సరిచేయకుండా కలిపి ఉంటే 8 దాటిపోతుంది. కాల్షియం లేని జీక్యాంప్ క్రోమోఫోర్ (వెలిగే భాగం) పీకేఏ (సగం వెలిగే పీహెచ్) ఎనిమిదిన్నర పైన. 8.7 అనుకుంటే, పీహెచ్ 7.2లో 3 శాతం వెలుగుతుంది, 8లో 17 శాతం. కాల్షియం పట్టిన రూపం రెండుచోట్లా దాదాపు నిండే ఉంటుంది. నిష్పత్తి ఆరు అవడం అక్కడే.

ఇంకోటి, పీహెచ్ 7.2 నుంచి 8కి పోతే ఈజీటీఏ కేడీ 40 రెట్లు దిగుతుంది. 150 అని రాసుకున్న గొట్టంలో ఉండేది 4 నానోమోలార్. అప్పుడు కర్వ్ కుడివైపు జరిగి, మ్యూటెంట్ బలహీనపడిందని సంబరపడతారు. అది మ్యుటేషన్ చేసింది కాదు బాబూ.

30 మిల్లీమోలార్ మాప్స్, 100 కేసీఎల్, పీహెచ్ 7.2లోకి రాత్రంతా డయాలసిస్, మధ్యలో ఒకసారి బఫర్ మార్చాలి. తర్వాత గుంతలోకి పోసేది వందో వంతు. అదే పాళ్ళలో 5 మిల్లీలీటర్లు కలిపి పీహెచ్ మీటర్‌తో చూడండి, ప్లేట్ చదివే వేడిలోనే. ప్రోటియేజ్ ఇన్హిబిటర్ బిళ్ళ ఈడీటీఏ లేనిదే కొనండి, అదీ కాల్షియాన్ని పట్టేస్తుంది.

టెక్కలి_బఫర్:
సరే. అయినా ఈఆర్‌కి ఈజీటీఏ బఫర్లు పనికిరావు. అక్కడ కాల్షియం వందల మైక్రోమోలార్, ఈజీటీఏ ఒకటి రెండు మైక్రోమోలార్ దాటితే చేతులెత్తేస్తుంది. మధ్య మోతాదులకి హెచ్‌ఈడీటీఏ, ఎన్‌టీఏ బఫర్లు. 100 మైక్రోమోలార్ పైన నేరుగా కాల్షియం క్లోరైడ్. ఫాస్ఫేట్ ఎక్కడా వద్దు, తెల్లగా అడుగున దిగుతుంది.

పలాస_జీడిపప్పు:
కరెంటు ప్రశ్న వదిలేశారు. తిత్లీ తుఫానుకి ఈ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్ మీద ఆశ పెట్టుకోకండి. ప్లాస్మిడ్‌ని ఆరబెట్టి గది వేడిలో ఒక గొట్టం ఉంచండి, అసలు ఆస్తి అదే. ప్రోటీన్ 10 శాతం గ్లిసరాల్‌తో 20 మైక్రోలీటర్ల చొప్పున ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించండి, ఒకసారి కరిగింది మళ్ళీ పెట్టొద్దు. వాడుకలో ఉన్నది 4 డిగ్రీల్లో కొన్ని వారాలు ఆగుతుంది.

గజపతి_ఆప్టిక్స్:
ఎరుపు సెన్సార్‌కి మారితే ఈ గోల లేదు. జేఆర్‌జీఈకో1ఏ.

నాగావళి:
దాని మీద నీలం కాంతి పడితే కాల్షియంతో పని లేకుండానే వెలుగు మారుతుంది. అది మరో గోల.

ఎచ్చెర్ల గారూ, 104 అన్నది ఏ లెక్క? జీక్యాంప్ లోపలి కాల్‌మోడ్యులిన్ సొంత నంబరా, మొత్తం జీక్యాంప్ నంబరా? రెండోదైతే మార్పు పడింది కాల్షియం పట్టే ఈఎఫ్-హ్యాండ్‌లో కాదు. ముందు ఈఆర్‌లోకి పంపే కాల్‌రెటిక్యులిన్ సిగ్నల్, చివర అక్కడే నిలిపే కేడీఈఎల్ పెట్టారా? నికెల్ కాలమ్‌కి అంటుకునే హిస్టిడిన్ ట్యాగ్ సిగ్నల్ కంటే ముందు ఉండకూడదు.

ఎచ్చెర్ల_ప్రోటీన్:
కాల్‌మోడ్యులిన్ సొంత నంబరే. కేడీఈఎల్ ఉంది. సిగ్నల్ మాత్రం ట్యాగ్ తర్వాత వచ్చింది.

నాగావళి:
అయితే కణాల్లో పెట్టకముందే ఆ ట్యాగ్ తీసేయండి, లేకపోతే ప్రోటీన్ సైటోప్లాజంలోనే ఉండిపోతుంది.