అప్‌డేట్: నాయిస్ తగ్గించే స్పీకర్ పెట్టాక 40 మీటర్ల హ్యామ్ రేడియో బ్యాండ్‌లో ఏం మారింది

పోయిన నెల అడిగాను కదా, అపార్ట్‌మెంట్‌లో 7 మెగాహెర్ట్జ్ (అదే 40 మీటర్లు) మీద ఎస్-7 నాయిస్ (సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద 7) ఉంది, డీఎస్పీ (నాయిస్‌ని డిజిటల్‌గా వడగట్టేది) ఉన్న బయటి స్పీకర్ కొనొచ్చా అని. కొన్నాను. మొదటి రెండు రోజులు చాలా బాధేసింది, గొంతులన్నీ నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చాయి. తప్పు నాదే, ఫిల్టర్ ఫుల్‌గా పెట్టి పైగా రేడియోలో ఎన్ఆర్ (దాని సొంత నాయిస్ రిడక్షన్) కూడా ఆన్‌లో వదిలేశాను, అది ఆపేసి స్పీకర్ లెవెల్ రెండుకి దించి, ఆర్ఎఫ్ గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) కొంచెం తగ్గించి వింటే హమ్మయ్య, పొద్దున నెట్‌లో (హ్యామ్‌లంతా ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకునేది) అందరి మాటా అర్థమైంది, గంటసేపు విన్నా తలనొప్పి రాలేదు!

ఇంకో సంగతి, స్పీకర్‌కి 12 వోల్టులు ఇవ్వడానికి పెట్టిన చవక అడాప్టరే కొత్త నాయిస్ పుట్టించింది, బ్యాటరీకి మార్చాక పోయింది. ఎస్-మీటర్ రీడింగ్ మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఇది శుభ్రం చేసేది ఆడియోని మాత్రమే. నాయిస్‌లో పూర్తిగా మునిగిపోయిన స్టేషన్‌ని పైకి తేలేదు. సీడబ్ల్యూకి (మోర్స్ కోడ్) ఆటో నాచ్ (ఆగకుండా వచ్చే ఈలల్ని తీసేసే ఫిల్టర్) ఆపండి, లేకపోతే టోన్‌నే మింగేస్తుంది. ముందు ఇంట్లో మెయిన్ ఆపి, రేడియో బ్యాటరీ మీద పెట్టి నాయిస్ ఎక్కడిదో వెతకమన్న అన్నకి చాలా థ్యాంక్స్, ఈ ఆదివారం అదే పని.